పోర్టు దగ్గర తేలే లెక్క: ప్యాచ్ యాంటెన్నా సిమ్యులేషన్‌లో ఫీడ్ నమూనాల సమీక్ష

పలచని డైఎలక్ట్రిక్ పలక, దాని కింద గ్రౌండ్ ప్లేన్, పైన రాగి దీర్ఘచతురస్రం. మైక్రోస్ట్రిప్ ప్యాచ్ యాంటెన్నాలో కంటికి కనిపించేది ఇంతే. ఈసీఈ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మన కళాశాలల్లో దీన్ని ఎంచుకునేవారు ఎక్కువ కావడానికి ఈ సరళత ఒక కారణం. కొలతలకు పాఠ్యపుస్తకాల్లో సూత్రాలు సిద్ధంగా ఉన్నాయి. 2.45 గిగాహెర్ట్జ్‌కి, 1.6 మి.మీ. మందమూ 4.4 డైఎలక్ట్రిక్ స్థిరాంకమూ ఉన్న ఎఫ్‌ఆర్-4 బోర్డు మీద ఆ సూత్రాలు సుమారు 37.3 మి.మీ. వెడల్పు, 28.8 మి.మీ. పొడవు ఇస్తాయి. అంతవరకు పేచీ లేదు. ఆ దీర్ఘచతురస్రానికి శక్తి ఎక్కడి నుంచి, ఏ రూపంలో వస్తోందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పాల్సి వచ్చినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. వేవ్ పోర్టా, లంప్డ్ పోర్టా, ఉత్త వోల్టేజి మూలమా అన్న ఎంపికను చాలామంది మెనూలో ఒక మీట నొక్కడంగానే చూస్తారు. తర్వాత కొలత, లెక్క కలవకపోతే నింద బోర్డు మీద పడుతుంది. ఈ వ్యాసం వాదన వేరు. సిమ్యులేషన్ చూపే ఇంపెడెన్స్ ప్యాచ్ ఒక్కదానికే చెందిన గుణం కాదు. ప్యాచ్, ఫీడ్, పోర్టు కలిస్తే వచ్చే ఫలితం అది. కాబట్టి ఏ ఫీడ్ నమూనాకైనా రెండు ప్రశ్నలు వేయాలి. క్షేత్రం ఆకారం మనకు ముందుగా తెలిసిన చోటే పోర్టు పెట్టామా? ఆ చోటు, ప్రయోగశాలలో కొలిచే చోటు ఒక్కటేనా? ఈ రెండిటికీ జవాబు ఇవ్వగలిగితే ఏ రకం పోర్టు వాడినా చెల్లుతుంది. ఇవ్వలేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ ఆదుకోదు.

ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టింది కాదు. మైక్రోస్ట్రిప్‌తో ప్రసరణ చేయించవచ్చన్న ఆలోచనను 1953లో డెషాంప్ ముందుకు తెచ్చాడు. 1970లలో మన్సన్, హోవెల్ వంటివారు దాన్ని పనికొచ్చే యాంటెన్నాగా మలిచారు. మన్సన్ ప్యాచ్‌ను రెండు చివరల్లోనూ ప్రసరించే ఒక ట్రాన్స్‌మిషన్ లైనుగా చూశాడు. 1979లో లో, సాలమన్, రిచర్డ్స్ దాన్ని చుట్టూ అయస్కాంత గోడలున్న కుహరంగా భావించి లెక్క కట్టారు. కుహర నమూనా ఎంతో అందమైనది. ప్యాచ్ లోపలి క్షేత్రాలను కొసైన్ల మొత్తంగా రాసేయవచ్చు. అయితే ప్రోబ్‌ను మందం లేని గీతగా అనుకుంటే ఆ మొత్తం ఒక విలువ దగ్గర ఆగదు. గీత కరెంటుకు తన క్షేత్రం తన దగ్గరే అనంతమవుతుంది కనుక రియాక్టెన్స్ అనంతమైపోతుంది. అందుకే వారు ప్రోబ్ స్థానంలో కొంత వెడల్పున్న కరెంటు పట్టీని ఉంచారు. ఆ పట్టీకి ఇచ్చే ప్రభావ వెడల్పు కొలతలతో సరిపోయేలా ఎంచుకున్నది. సిద్ధాంతం అంత పద్ధతిగా కట్టిన నమూనాలో కూడా ఫీడ్ దగ్గర మాత్రం చేత్తో సర్దుబాటు చేయక తప్పలేదు. మూమెంట్ పద్ధతి వచ్చాక దీని జంట సమస్య ఎదురైంది. డెల్టా గ్యాప్ అనే వోల్టేజి మూలాన్ని వెడల్పు లేని చీలికగా ఊహిస్తారు. మెష్ సన్నబడేకొద్దీ ఆ చీలిక కెపాసిటెన్స్ పెరుగుతూ పోతుంది, ఎక్కడా స్థిరపడదు. ఈ రెండు ఉదాహరణల్లోనూ ఒకే ధోరణి కనిపిస్తుంది. రెసిస్టెన్స్ భాగం దూరానికి పోయే శక్తికి సంబంధించింది కాబట్టి ఫీడ్‌ను ఎంత మొరటుగా నమూనా చేసినా పెద్దగా చెదరదు. రియాక్టెన్స్ భాగం ఫీడ్‌ను అంటిపెట్టుకున్న క్షేత్రాల్లో నిలవ ఉన్న శక్తికి సంబంధించింది. ఫీడ్‌ను ఆదర్శీకరిస్తే ముందుగా దెబ్బ తినేది అదే. మెష్‌ను సన్నబరిస్తే ఫలితం మెరుగవుతుందని నమ్మేవారు ఈ విషయాన్ని ఒకసారి గట్టిగా ఆలోచించాలి. తప్పు నమూనాను సన్నని మెష్ మరింత నమ్మకంగా తప్పు చేస్తుంది.

కోయాక్సియల్ ప్రోబ్ సంగతి అంకెల్లో చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. గ్రౌండ్ ప్లేన్‌లోంచి పైకి లేచి ప్యాచ్‌ను తాకే తీగకు ఒక ఇండక్టెన్స్ ఉంటుంది. దాని రియాక్టెన్స్ సబ్‌స్ట్రేట్ మందంతో నేరుగా, తీగ వ్యాసార్థంతో లాగరిథమ్‌గా మారుతుంది. పైన చెప్పిన ఎఫ్‌ఆర్-4 ప్యాచ్‌కి 0.65 మి.మీ. వ్యాసార్థమున్న తీగ వాడితే, పాఠ్యపుస్తక సూత్రం ప్రకారం అది దాదాపు 14 ఓమ్‌లు. ప్యాచ్ రెసిస్టెన్స్ 50 ఓమ్‌లు ఉన్న చోట తీగ దిగిందనుకుందాం. ప్యాచ్ అనుకంపనం దగ్గర సమాంతర అనుకంపన వలయంలా ప్రవర్తిస్తుంది కనుక అక్కడ దాని సొంత రియాక్టెన్స్ గరిష్ఠంగా రెసిస్టెన్స్‌లో సగం, అంటే 25 ఓమ్‌ల వరకే వెళ్తుంది. 14 అందులో ఇమిడిపోతుంది. అనుకంపనానికి కొంచెం పైన ప్యాచ్ కెపాసిటివ్‌గా మారి తీగ ఇండక్టెన్స్‌ను రద్దు చేస్తుంది. క్యూ విలువ 30 అనుకుంటే ఈ రద్దు 12 మెగాహెర్ట్జ్ పైకి జరిగి దొరుకుతుంది, అక్కడ ఎస్-11, అంటే పోర్టుకు తిరిగొచ్చే తరంగం పాలు, మైనస్ 27 డెసిబెల్స్ దాకా దిగుతుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో అదే తీగ 0.1 మి.మీ. వ్యాసార్థమున్నట్టు నమూనా అయిందనుకోండి. ఎఫ్‌డీటీడీ వంటి గడుల పద్ధతిలో ఒక గడి అంచున కరెంటు మూలం పెడితే జరిగేది సరిగ్గా ఇదే, ఎందుకంటే ఆ మూలానికి అసలు తీగ వ్యాసార్థం ఉండదు, గడి పరిమాణాన్ని బట్టి వచ్చే వ్యాసార్థం ఉంటుంది. అప్పుడు రియాక్టెన్స్ 23 ఓమ్‌లకు చేరుతుంది. రద్దయ్యే చోటు సుమారు 27 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది, అక్కడ ఎస్-11 మైనస్ 15 దగ్గరే ఆగిపోతుంది. రెండు నమూనాల్లో ప్యాచ్ ఒకటే, బోర్డు ఒకటే. రియాక్టెన్స్ రద్దయ్యే చోటు మాత్రం 15 మెగాహెర్ట్జ్ దూరాన ఉంది.

మందం పెరిగితే ఈ తేడా దాచినా దాగదు. గాలి సబ్‌స్ట్రేట్‌తో 5 మి.మీ. ఎత్తున ప్యాచ్‌ను నిలబెడితే అదే 0.65 మి.మీ. తీగ రియాక్టెన్స్ 54 ఓమ్‌ల వరకు వెళ్తుంది. 50 ఓమ్‌ల చోట ప్యాచ్ రద్దు చేయగలిగేది 25 మాత్రమే. ఇక రియాక్టెన్స్ ఏ పౌనఃపున్యంలోనూ సున్నాను తాకదు. 1986లో చాంగ్, లాంగ్, రిచర్డ్స్ మందమైన దీర్ఘచతురస్ర ప్యాచ్‌ల మీద చేసిన ప్రయోగాల్లో గమనించింది ఇదే. మందం ఒక హద్దు దాటాక ఇంపెడెన్స్ ఇండక్టివ్ వైపే ఉండిపోయింది. 1989లో షాబర్ట్, పోజార్, ఏడ్రియన్ సబ్‌స్ట్రేట్ మందాన్నీ డైఎలక్ట్రిక్ స్థిరాంకాన్నీ మారుస్తూ అప్పటి సిద్ధాంతాలను కొలతల పక్కన పెట్టి పరీక్షించారు. సులభ నమూనాలు పలచని పలకల మీద పనిచేసి మందమైన పలకల మీద జారిపోయాయి. మందమైన ప్యాచ్‌లు రూపొందించినవారు ఆ తీగ ఇండక్టెన్స్‌తో పోరాడటం మాని దాన్నే పనిలో పెట్టుకోవడం నేర్చారు. 1995లో హుయిన్, లీ ప్యాచ్‌లో యూ ఆకారపు చీలిక పెట్టారు. 1998లో హాంకాంగ్‌లో లుక్ బృందం తీగను ప్యాచ్‌కు తాకనీయకుండా దాని కింద ఎల్ ఆకారంలో వంచింది. వంగిన భాగం ఇచ్చే కెపాసిటెన్స్ నిలువు భాగం ఇండక్టెన్స్‌ను తీర్చేస్తుంది. ఇలాంటి యాంటెన్నాల్లో ఫీడ్‌నూ ప్రసరించే భాగాన్నీ వేరుచేసే గీత అంటూ ఏదీ లేదు. ఫీడ్‌ను మొరటుగా నమూనా చేస్తే అక్కడ మిగిలేది యాంటెన్నా కాదు, దాని పేరు మాత్రమే.

అంచునుంచి మైక్రోస్ట్రిప్ గీత వచ్చి ప్యాచ్‌లోకి చొచ్చుకుపోయే ఇన్‌సెట్ ఫీడ్ విషయంలో తప్పు ఇంకో దారిలో వస్తుంది. ప్యాచ్ అంచున రెసిస్టెన్స్ కొన్ని వందల ఓమ్‌లు ఉంటుంది. లోపలికి వెళ్లేకొద్దీ అది తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నదానికి పుస్తకాలు కొసైన్ వర్గ సూత్రం చెబుతాయి. అంచున 250 ఓమ్‌లు ఉంటే 50 ఓమ్‌ల చోటు ఆ సూత్రం ప్రకారం అంచుకు 10.1 మి.మీ. లోపల దొరుకుతుంది. ఆ సూత్రం ప్రోబ్‌కు బాగానే పనిచేస్తుంది. ఇన్‌సెట్ గీతకు అలా కాదని 2001లో బసీలియో, ఖయాత్, విలియమ్స్, లాంగ్ కొలిచి చూపించారు. గీత పక్కన చెక్కిన గాళ్లు ప్యాచ్ కరెంట్లను మళ్లిస్తాయి కనుక రెసిస్టెన్స్ ఇంకా వేగంగా, దాదాపు కొసైన్ నాలుగో ఘాతంగా పడిపోయింది. ఆ లెక్కన 50 ఓమ్‌ల చోటు 7.7 మి.మీ. దగ్గరే వస్తుంది. రెండున్నర మిల్లీమీటర్ల తేడా 28.8 మి.మీ. ప్యాచ్‌లో చిన్నది కాదు. పూర్తి తరంగ సాఫ్ట్‌వేర్ ఈ తేడాను తనంతట తానే పట్టుకుంటుంది, ఎందుకంటే గాళ్లు జ్యామితిలోనే ఉన్నాయి. కానీ సూత్రంతో మొదలుపెట్టినవారు సిమ్యులేషన్‌లో ఫలితం కుదరకపోతే పోర్టును అనుమానించి, పోర్టు వెడల్పు మారుస్తూ పోతారు. అలా మార్చి మార్చి ఫలితం ‘కుదిరిన’ చోట ఆగితే రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకుంటాయి. ఫీడ్ నమూనా గురించి వచ్చే చర్చల్లో ఈ ప్రమాదానికి దక్కాల్సినంత చోటు దక్కడం లేదు.

కాలంలో అడుగులు వేస్తూ సాగే ఎఫ్‌డీటీడీ పద్ధతి చరిత్ర ఫీడ్ నమూనాకు మరో కోణం చూపిస్తుంది. 1990లో ఎంఐటీకి చెందిన షీన్, అలీ, అబూజహ్రా, కాంగ్ ప్రచురించిన పరిశోధన ఈనాటికీ చాలామందికి తొలి పరీక్షా ఉదాహరణ. 12.45 మి.మీ., 16 మి.మీ. కొలతలున్న ప్యాచ్, 2.2 డైఎలక్ట్రిక్ స్థిరాంకమూ 0.794 మి.మీ. మందమూ ఉన్న పలక, పక్కనుంచి 2.46 మి.మీ. గీత, అనుకంపనం 7.5 గిగాహెర్ట్జ్ దగ్గర. వారు గీత మొదట్లో, రాగి కింద ఉన్న నిలువు విద్యుత్ క్షేత్రాన్ని గాస్ ఆకారపు స్పందనంగా విధించారు. ఆ స్పందన లోపలికి వెళ్లిపోయాక అదే ముఖాన్ని తరంగాన్ని పీల్చుకునే హద్దుగా మార్చారు. ఇది తెలివైన ఏర్పాటు. మూలం దగ్గర పుట్టే వంకర క్షేత్రాలు గీత వెంట కొంత దూరం వెళ్లేసరికి సర్దుకుని మైక్రోస్ట్రిప్ సహజ రూపాన్ని పొందుతాయి, ఆ తర్వాతే వోల్టేజి చదువుతారు. అంటే మన మొదటి ప్రశ్నకు వారు దూరంతో జవాబిచ్చారు. ధర కాలంలో పడింది. ప్యాచ్ అనుకంపనం చాలాసేపు మోగుతూనే ఉంటుంది కనుక 8000 అడుగులు వేయాల్సి వచ్చింది. 1996లో ల్యూబర్స్, లాంగ్‌డన్ ఈ ధరను తగ్గించే మార్గం చెప్పారు. మూలానికి లోపల ఒక రెసిస్టెన్స్ ఇచ్చారు. తిరిగొచ్చిన తరంగం గట్టి వోల్టేజి మూలానికి తగిలి మళ్లీ లోపలికి దూకకుండా ఆ రెసిస్టెన్స్‌లో కరిగిపోతుంది, కావలసిన అడుగుల సంఖ్య గణనీయంగా తగ్గుతుంది. నేడు ఉచితంగా దొరికే ఓపెన్‌ఈఎంఎస్‌లోనైనా, వాణిజ్య సాఫ్ట్‌వేర్లలోనైనా లంప్డ్ పోర్టుకు 50 ఓమ్‌లు అని రాసేటప్పుడు మనం వాడుతున్నది ఈ ఆలోచననే. గమనించాల్సిందేమిటంటే, మూలం రెసిస్టెన్స్ మారితే లెక్క త్వరగా ముగుస్తుందే తప్ప యాంటెన్నా ఇంపెడెన్స్ మారకూడదు. మారిందంటే ఎక్కడో వోల్టేజినో కరెంటునో తప్పు చోట చదువుతున్నామని అర్థం. ఈ పరీక్షకు ఖర్చు దాదాపు ఉండదు, అయినా చేసేవారు తక్కువ.

ఇక హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్ వంటి సాఫ్ట్‌వేర్లలో కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టే వేవ్ పోర్టు, లంప్డ్ పోర్టు ఎంపిక. వేవ్ పోర్టు అంటే నమూనా హద్దు మీద గీసిన ఒక కిటికీ. సాఫ్ట్‌వేర్ ముందుగా ఆ కిటికీలో ఏ తరంగ రూపం ఇమడగలదో రెండు కొలతల్లో లెక్క కట్టి, దానితో మూడు కొలతల సమస్యను నడుపుతుంది. మన మొదటి ప్రశ్నకు ఇది నేరుగా ఇచ్చే జవాబు: క్షేత్రం ఆకారాన్ని ఊహించకుండా లెక్కించి తెచ్చుకుంటుంది. అయితే మైక్రోస్ట్రిప్ క్షేత్రం రాగి కింద మాత్రమే ఉండదు, పక్కలకూ పైకీ గాలిలోకి వ్యాపిస్తుంది. కిటికీ ఇరుకైతే దాని అంచులు లోహపు గోడల్లా ప్రవర్తించి ఆ క్షేత్రాన్ని కత్తిరిస్తాయి, గీత ఇంపెడెన్స్ ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. అందుకే ఎత్తు పలక మందానికి ఆరు నుంచి పది రెట్లు, వెడల్పు గీత వెడల్పుకు పది రెట్ల వరకు ఉంచాలన్న స్థూల నియమం వాడుకలో ఉంది. మన ఎఫ్‌ఆర్-4 బోర్డు మీద 50 ఓమ్‌ల గీత దాదాపు 3 మి.మీ. కనుక కిటికీ 30 మి.మీ. అవుతుంది. 2.45 గిగాహెర్ట్జ్‌లో దానితో ఇబ్బంది లేదు. అదే నియమాన్ని గుడ్డిగా 10 గిగాహెర్ట్జ్‌కు తీసుకెళ్తే గాలిలో అర తరంగదైర్ఘ్యం 15 మి.మీ. మాత్రమే. అప్పుడు కిటికీయే ఒక వేవ్‌గైడ్‌గా మారి మైక్రోస్ట్రిప్‌కు సంబంధం లేని తరంగాన్ని మోయగలుగుతుంది. నియమాలను అంకెలుగా కాక కారణాలుగా గుర్తుంచుకోవాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పైగా వేవ్ పోర్టు నమూనా హద్దు మీదే ఉండాలి. లోపల పెట్టాలంటే వెనక లోహపు మూత కావాలి, ఆ మూత యాంటెన్నా ఎదుటే నిలబడి ప్రసరణను చెదరగొడుతుంది.

లంప్డ్ పోర్టును లోపల ఎక్కడైనా పెట్టవచ్చు. గ్రౌండ్‌కూ గీతకూ మధ్య ఒక చిన్న పలకను నిలిపి, దానిలో విద్యుత్ క్షేత్రం ఒకే తీరుగా ఉందని ప్రకటిస్తాం. ఇక్కడ క్షేత్రం ఆకారం లెక్కించింది కాదు, మన మాట మీద సాఫ్ట్‌వేర్ ఒప్పుకున్నది. పలక మందం తరంగదైర్ఘ్యంలో ఏ కొంచెమో అయితే ఆ మాట నిజానికి దగ్గరగానే ఉంటుంది. 1.6 మి.మీ. ఎఫ్‌ఆర్-4లో, 2.45 గిగాహెర్ట్జ్‌లో ఆ మందం పలకలోని తరంగదైర్ఘ్యంలో మూడు శాతం కూడా లేదు, కనుక లంప్డ్ పోర్టును తక్కువ చేసి మాట్లాడటం నాకు సబబుగా తోచదు. 0.787 మి.మీ. మందమూ 2.2 స్థిరాంకమూ ఉన్న పలక మీద 28 గిగాహెర్ట్జ్‌కు వెళ్తే అదే మందం తరంగదైర్ఘ్యంలో పదకొండు శాతం అవుతుంది. ఇప్పుడు ఒకే తీరు క్షేత్రం అన్న ప్రకటన అబద్ధం వైపు జరుగుతుంది, పోర్టు పలకకే ఒక ఇండక్టెన్స్ వచ్చి ఫలితంలో చేరుతుంది. కాబట్టి ఏ పోర్టు మేలన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. పౌనఃపున్యం, మందం చెప్పకుండా ఆ ప్రశ్న అడిగినవారికి ముందు ఆ రెండూ అడగడమే సరైన స్పందన.

రెండో ప్రశ్న, అంటే ఎక్కడి ఇంపెడెన్స్ చదువుతున్నామన్నది, మొదటిదానికంటే ఎక్కువ గందరగోళం తెస్తుంది. ధడా కట్టకుండా గిన్నెతో సహా బియ్యం తూచినట్టు, గీత పొడవును తీసివేయకుండా ప్యాచ్ ఇంపెడెన్స్ చదవడం సర్వసాధారణం. ఎఫ్‌ఆర్-4 మీద 3 మి.మీ. గీతలో 2.45 గిగాహెర్ట్జ్ తరంగం దాదాపు 67 మి.మీ. పొడవుంటుంది. పోర్టుకూ ప్యాచ్ అంచుకూ మధ్య దాని పావు వంతు, అంటే సుమారు 17 మి.మీ. గీత ఉంటే, అంచున 200 ఓమ్‌లున్న ప్యాచ్ పోర్టు దగ్గర పన్నెండున్నర ఓమ్‌లుగా కనిపిస్తుంది. ఆశ్చర్యమేమిటంటే ఎస్-11 డెసిబెల్ గ్రాఫ్‌లో ఈ రెంటికీ తేడా లేదు, రెండూ మైనస్ 4.4. ప్రచురిత పత్రాల్లో మనం ఎక్కువగా చూసేది ఆ డెసిబెల్ గ్రాఫే. అది దశను పూర్తిగా మింగేస్తుంది కనుక పోర్టు ఎక్కడుందన్న విషయాన్ని కూడా మింగేస్తుంది. స్మిత్ చార్టు మీద గీస్తే తప్పు వెంటనే బయటపడుతుంది: వలయం ఆకారం అలాగే ఉండి, చార్టు చుట్టూ తిరిగిపోయి ఉంటుంది. దాన్ని వెనక్కు తిప్పడమే డీ-ఎంబెడింగ్. గీత 50 ఓమ్‌లే అయితే ఇది ఒక గుణకారంతో అయిపోతుంది. గీత వెడల్పు తప్పి అది 63 ఓమ్‌లది అయితే వలయం వేరే కేంద్రం చుట్టూ తిరుగుతుంది, అప్పుడు డెసిబెల్ గ్రాఫ్ కూడా మారుతుంది. కొలతలోనూ ఇదే మాట. విశ్లేషక యంత్రాన్ని కేబుల్ చివర క్రమాంకనం చేశాక రిఫరెన్స్ ప్లేన్, అంటే ఇంపెడెన్స్ చదివే తలం, ఎస్‌ఎంఏ కనెక్టరు ముఖం దగ్గర ఉంటుంది. సిమ్యులేషన్‌లో పోర్టు గీత అంచున ఉంటుంది. మధ్యలో మిగిలిన కనెక్టరు పొడవు ఎవరి లెక్కలోనూ చేరదు.

ఇక్కడ అనుభవజ్ఞులు వేసే ఒక బలమైన అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. ఎఫ్‌ఆర్-4 స్థిరాంకం బోర్డు బోర్డుకూ మారుతుంది, 0.1 మారితే 2.45 గిగాహెర్ట్జ్ ప్యాచ్ దాదాపు 27 మెగాహెర్ట్జ్ కదులుతుంది, అలాంటప్పుడు ఫీడ్ దగ్గర ఒకటి రెండు ఓమ్‌ల కోసం ఇంత ఆరాటం ఎందుకని వారు అడుగుతారు. అంకెలు నిజమే. కానీ ఆ అంకెలే ఫీడ్ గురించి జాగ్రత్త పడాలనడానికి కారణం. పైన చూసినట్టు తీగ వ్యాసార్థాన్ని తప్పుగా నమూనా చేస్తే రియాక్టెన్స్ రద్దయ్యే చోటు 15 మెగాహెర్ట్జ్ జరుగుతుంది. అది స్థిరాంకంలో సుమారు 0.05 మార్పుతో సమానం. ఫీడ్ తప్పు బోర్డు తప్పు వేషం వేసుకుని వస్తుంది. దాన్ని నమ్మి స్థిరాంకాన్ని 4.4 నుంచి 4.45కు మార్చి వక్రరేఖలను కలిపేసినవారు, తర్వాతి ప్యాచ్‌ను వేరే మందంలో లేదా వేరే ఫీడ్‌తో గీసినప్పుడు మళ్లీ తప్పుతారు, ఎందుకంటే వారు సరిచేసింది తప్పు ఉన్న చోటును కాదు. ఈ రెంటినీ విడదీసే గుర్తు కూడా ఉంది. స్థిరాంకం మారితే వక్రరేఖ దాదాపు ఆకారం చెడకుండా పక్కకు జరుగుతుంది. ఫీడ్ రియాక్టెన్స్ మారితే పక్కకు జరగడంతో పాటు లోతూ మారుతుంది, మన ఉదాహరణలో రద్దయ్యే చోట మైనస్ 27 నుంచి మైనస్ 15కు. స్మిత్ చార్టు వలయం మొత్తంగా ఇండక్టివ్ వైపు లేచిపోతుంది. పదార్థం అనిశ్చితి ఎంత ఎక్కువైతే, ఫీడ్‌ను అంత నిశ్చయంగా కట్టుకోవడం అవసరం; లేదంటే ఏ తప్పు ఎవరిదో ఎప్పటికీ తేలదు.

ఇంకొందరు ప్రసరణ ఆకృతి, గెయిన్ మాత్రమే కావాలి, వాటికి ఫీడ్‌తో పనేమిటని అంటారు. పలచని పలక మీద, రేఖీయ ధ్రువణంతో, ఒక్క ప్యాచ్‌కు ఈ మాట చాలావరకు నిజం, దాన్ని ఒప్పుకోవాలి. ప్రసరించేది ప్యాచ్ అంచులే, వాటి క్షేత్రాన్ని నిర్ణయించేది అనుకంపన రూపమే. కానీ మందం పెరిగితే నిలువు తీగ తానే చిన్న యాంటెన్నాగా ప్రసరించి, ముఖ్యంగా హెచ్ తలంలో, అడ్డు ధ్రువణాన్ని పెంచుతుంది. ఒకే ఫీడ్‌తో వృత్తాకార ధ్రువణం తెచ్చే ప్యాచ్‌లలో పరిస్థితి ఇంకా సున్నితం. రెండు అనుకంపనాల మధ్య తొంభై డిగ్రీల దశ తేడా కొద్ది మెగాహెర్ట్జ్ పరిధిలోనే నిలుస్తుంది. మన నావిక్ ఉపగ్రహ సంకేతాలు, ఎల్-5లో 1176.45 మెగాహెర్ట్జ్‌తో సహా, వృత్తాకార ధ్రువణంతోనే వస్తాయి కనుక ఇది మన దేశపు రూపకర్తలకు దూరపు విషయం కాదు. మరి కొందరు దీనికి పూర్తి విరుద్ధంగా, కనెక్టరు, టాంకం, కేబుల్ అన్నీ నమూనాలో పెట్టేస్తే సరిపోతుందంటారు. కనెక్టరు నిజమైన కొలతలు తెలిస్తే, దాని లోపలి కోయాక్సియల్ ముఖం మీద వేవ్ పోర్టు పెట్టడం నిజంగానే చాలా శుభ్రమైన పద్ధతి, ఎందుకంటే అక్కడ క్షేత్రం ఆకారం కచ్చితంగా తెలుసు, క్రమాంకనం చేసిన తలం కూడా అక్కడికే దగ్గర. కానీ టాంకం ముద్ద ఆకారం, పిన్ను చుట్టూ వదిలిన ఖాళీ తెలియకుండా ఊహించి పెడితే వివరం పెరుగుతుంది, నిజం పెరగదు. ముందు పోర్టు తలం ఎక్కడో తేల్చుకుని, ఆ తలానికి ఇవతల ఉన్నదాన్ని మాత్రమే వివరంగా గీయడం సరైన క్రమం.

తాకకుండా ఫీడ్ చేసే పద్ధతులు ఈ చర్చను కొంత తేలిక చేస్తాయి. 1985లో పోజార్ ప్రతిపాదించిన రంధ్ర సంయోగంలో గ్రౌండ్ ప్లేన్‌కు అవతలి వైపు గీత, మధ్యలో సన్నని చీలిక, ఇవతల ప్యాచ్. గీత తన పలక మీద ఒంటరిగా ఉంటుంది కనుక వేవ్ పోర్టుకు క్షేత్రం ఆకారం శుభ్రంగా దొరుకుతుంది, ఫీడ్ ప్రసరణ ప్యాచ్ ప్రసరణలో కలవదు. 1987లో పోజార్, కాఫ్‌మన్ రెండు పలకల మధ్య గీతను పెట్టి, ప్యాచ్‌కు దగ్గరలోనే ముగించి 13 శాతం బ్యాండ్‌విడ్త్ సాధించారు. ఇక్కడ మెష్ సవాలు చీలిక అంచుల దగ్గరకో గీత ఓపెన్ చివర దగ్గరకో మారుతుంది, పోర్టు దగ్గర ఉండదు. సిమ్యులేషన్ నేర్చుకునేవారికి తొలి ఉదాహరణగా ఎఫ్‌ఆర్-4 మీద ప్రోబ్ ఫీడ్ ప్యాచ్ ఇవ్వడం ఆనవాయితీ అయినా, పోర్టును అర్థం చేసుకోవడానికి ఈ రంధ్ర సంయోగ ప్యాచే మంచి మొదటి పాఠం అని నా అభిప్రాయం. దానిలో ఫీడ్ తప్పు, ప్యాచ్ తప్పు విడివిడిగా కనిపిస్తాయి.

ఒక్క ప్యాచ్‌నే చేసేవారు కత్తి పట్టుకుని రాగిని కొంచెం చెక్కి కుదుర్చుకోవచ్చు, అది గౌరవప్రదమైన పద్ధతే. 64 ప్యాచ్‌ల శ్రేణిలో ఆ పని సాగదు. ప్రతి ఫీడ్ ఇంపెడెన్స్ పక్క ప్యాచ్‌ల దశను బట్టి మారుతూ ఉంటుంది. 2022 వేలంలో మన దేశంలో 26 గిగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను కూడా పెట్టారు. ఆ పౌనఃపున్యాల్లో ప్యాచ్ శ్రేణి, దాన్ని నడిపే చిప్ ఒకే ప్యాకేజీలో ఉంటాయి, మధ్యలో ఎస్‌ఎంఏ కనెక్టరు పెట్టే చోటే ఉండదు. కొలత గాలిలోంచి మాత్రమే సాధ్యం, దానిలో ఎస్-11 అనేదే ఉండదు. చిప్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ 50 ఓమ్‌లు కావాలన్న నియమం కూడా లేదు. అప్పుడు రిఫరెన్స్ ప్లేన్ టాంకం గుండు దగ్గర పెట్టాలా, దాని కింద వయా దగ్గర పెట్టాలా అన్నది చిప్ బృందం, యాంటెన్నా బృందం ఒకే కాగితం మీద రాసుకుని సంతకం చేయాల్సిన నిర్ణయం. ఒకరు గుండు తమ నమూనాలో ఉందనుకుని, రెండోవారు కూడా అదే అనుకుంటే, దాని ఇండక్టెన్స్ రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఇద్దరూ అవతలివారిది అనుకుంటే అసలు రాదు.